కేక ఏ జాములో వినిపించింది?

పడుకున్న గంటన్నరకే ఇంటి మనిషి గావుకేక పెట్టి లేచి కూర్చుంటే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మొదట వచ్చే మాట ‘జడుసుకుంది’ అని. మర్నాడు విబూది పెట్టిస్తారు, తాయెత్తు కట్టిస్తారు, తలగడ కింద కొడవలో కత్తో పెడతారు. తెల్లవారుజామున ఏడుస్తూ లేచి, వచ్చిన కలంతా పూసగుచ్చినట్టు చెప్పినా చేసేది ఇదే. రెండు బాధలకీ ఒకే పేరు, ఒకే మందు. నిజానికి ఈ రెండూ వేర్వేరు నిద్రల్లో పుడతాయి. ఒకదానికి పనికొచ్చిన ఉపాయం రెండోదానికి పనికిరాదు. ఒళ్ళంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా అనే జబ్బు ఉన్నవాళ్ళకి ఈ తేడా తెలియడం మరీ అవసరం. రాత్రి ఎలా గడిచిందో దాన్ని బట్టే వాళ్ళ మర్నాటి నొప్పి ఉంటుంది.

ముందు ఆ జబ్బు సంగతి. ఒళ్ళంతా సలుపు, పీకుడు, నిద్ర లేస్తూనే అలసట, మాట మధ్యలో మరిచిపోవడం మూడు నెలలకు మించి సాగితే ఫైబ్రోమయాల్జియాని అనుమానిస్తారు. మగవాళ్ళలోనూ ఉంటుంది గానీ ఆడవాళ్ళలోనే ఎక్కువగా బయటపడుతుంది. కీళ్ళు వాయవు. ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే, వాపును పట్టే రక్తపరీక్షలు మామూలుగానే వస్తాయి, ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు. దాంతో ‘నీకేం లేదమ్మా’ అని పంపించేస్తారు. ఆ మాట తప్పు. లోపం కండరంలో కనపడకపోయినా, నొప్పి కబురు మోసే వెన్నుపాము, దాన్ని అందుకునే మెదడు ఆ కబురును పెంచి వినిపిస్తున్నాయి. 1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఒంటి మీద 18 చోట్ల నొక్కి, 11 చోట్ల నొప్పి ఉంటే ఈ జబ్బు అనాలని చెప్పింది. 2010లో ఆ పద్ధతి మార్చి, 19 భాగాల్లో ఎక్కడెక్కడ నొప్పి ఉందో లెక్కపెట్టి, దానికి అలసటనీ, లేచాక కూడా తేరుకోనివ్వని నిద్రనీ, మతిమరుపునీ జోడించింది. అంటే నిద్ర గురించి అడగకుండా ఈ జబ్బును తేల్చడానికి ఇప్పుడు వీల్లేదు.

నిద్రకీ ఈ నొప్పికీ ఉన్న ముడి 1975లోనే బయటపడింది. టొరంటోలో హార్వే మోల్డాఫ్‌స్కీ బృందం ఇలాంటి రోగుల మెదడు తరంగాలను రాత్రంతా నమోదు చేసింది. గాఢనిద్రలో ఉండాల్సిన నెమ్మది అలల మీద, సెకనుకు 8 నుంచి 13 సార్లు కొట్టుకునే మెలకువ అలలు ఎక్కి కూర్చున్నట్టు కనిపించాయి. తర్వాత వాళ్ళు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను పడుకోబెట్టి, గాఢనిద్రలోకి జారినప్పుడల్లా శబ్దంతో దాన్ని చెడగొట్టారు. మనిషి పూర్తిగా లేవడు, నిద్ర మాత్రం పలచబడుతుంది. కొద్ది రాత్రులకే వాళ్ళకీ పొద్దున్నే ఒళ్ళునొప్పులు, నొక్కితే కండరాల నొప్పి మొదలయ్యాయి. నొప్పి నిద్రను చెడగొడుతుందని అందరికీ తెలుసు. చెడిన నిద్ర నొప్పిని పుట్టిస్తుందన్నది ఇక్కడ తేలింది.

ఇప్పుడు జాముల లెక్కకి వద్దాం. నిద్ర సుమారు 90 నిమిషాల ఆవృత్తాలుగా నడుస్తుంది, రాత్రికి నాలుగైదు. తొమ్మిదిన్నరకో పదికో పడుకున్న మనిషికి గాఢనిద్రలో ఎక్కువ భాగం అర్ధరాత్రి దాటిన కాసేపటికే అయిపోతుంది. కనుపాపలు రెప్పల కింద గిరగిరా కదిలే కలల నిద్ర, 1953లో షికాగోలో గుర్తించినది, మొదట్లో కొద్ది నిమిషాలే ఉండి తెల్లవారే కొద్దీ సాగుతుంది.

మొదట చెప్పిన గావుకేకని నిద్రభయం అంటారు, అది గాఢనిద్రలోంచి వస్తుంది. పడుకున్న ఒకటి నుంచి మూడు గంటల్లోపు ఉన్నట్టుండి కేక. కళ్ళు తెరిచే ఉంటాయి గాని ఎదురుగా ఉన్నవాళ్ళని గుర్తుపట్టవు. చెమటలు, గుండెదడ, పారిపోయే ప్రయత్నం. కొద్ది నిమిషాలు, ఒక్కోసారి పదికి పైగా నిమిషాలు సాగి మళ్ళీ మామూలు నిద్ర. పొద్దున్న అడిగితే ‘నేనా? ఎప్పుడు?’ అంటారు. మెదడులో కదలికనీ భయాన్నీ నడిపే భాగాలు మేలుకున్నాయి, ఆలోచననీ జ్ఞాపకాన్నీ నడిపేవి ఇంకా పడుకునే ఉన్నాయి. పిల్లల్లో ఇది మామూలే, పెద్దయ్యేసరికి చాలామందిలో పోతుంది. పెద్దవాళ్ళలో సుమారు నూటికి ఇద్దరిలో కనిపిస్తుంది.

రెండోది పీడకల, దీనికి ఎదురు. రాత్రి రెండో సగంలో, ఎక్కువగా తెల్లవారుజామున వస్తుంది. కల నిద్రలో ఒళ్ళు కదలకుండా మెదడు కట్టేసి ఉంచుతుంది కాబట్టి పరుగులూ పెడబొబ్బలూ అరుదు. మనిషి పూర్తిగా లేస్తుంది, కల ఆసాంతం గుర్తుంటుంది, మళ్ళీ పడుకోవాలంటే భయం. ‘తెల్లారుజాము కల నిజమవుతుంది’ అన్న నమ్మకం ఈ భయానికి తోడవుతుంది. ఆ కల అంత స్పష్టంగా ఉండటానికి కారణం ఒక్కటే: ఆ వేళకి కల నిద్ర పొడుగు పెరిగి ఉంటుంది, మనం సరిగ్గా దాని మధ్యలోంచి లేస్తాం. అర్ధరాత్రి కలలు కూడా ఉంటాయి, వాటి మధ్యలో లేవం కనుక గుర్తుండవు. మెలకువ వచ్చాక కూడా ఒళ్ళు కట్టేసిన ముడి విడకపోతే, ‘గుండెల మీద దెయ్యం కూర్చుంది’ అనే అనుభవం అదే. ఒకటి రెండు నిమిషాల్లో వదిలిపోతుంది, ప్రాణహాని లేదు.

ఫైబ్రోమయాల్జియా ఈ రెంటినీ రెండు దారుల్లో ఎగదోస్తుంది. గాఢనిద్రలో ఉన్న మనిషిని సగం లేపే ఏ కుదుపైనా, అది నొప్పి కావచ్చు, గురక, నిండిన మూత్రాశయం, కాళ్ళ లాగుడు కావచ్చు, నిద్రభయాలు వచ్చే తత్వం ఉన్నవాళ్ళలో వాటిని రేపగలదు. ఇక నొప్పితో మాటిమాటికీ తెల్లవారుజామున లేస్తే కలలు మధ్యలో తెగి ఎక్కువగా గుర్తుండిపోతాయి.

నిద్రభయం వస్తున్న ఇంట్లో మొదట చేయాల్సింది తలగడ కింది కత్తిని తీసేయడం. లేచి ఎక్కడున్నానో తెలియక చేతులు విసిరే మనిషి పక్కన అది ప్రమాదం. ఇనుము ఉండాలన్న నమ్మకం కాదనలేకపోతే బీరువా తాళంచెవి గుడ్డలో చుట్టి పెట్టండి, అదీ ఇనుమే. కత్తిపీట వంటింట్లో పెట్టి గడియ వేయాలి. పిట్టగోడ లేని డాబా మీద పడక మానాలి. ఎత్తు మంచం కన్నా నేల మీద బొంతే క్షేమం, నొప్పికి నేల గట్టిగా తగిలితే రెండు బొంతలు. దోమతెర తాళ్ళు లాగితే ఊడేలా కట్టాలి, లేకపోతే పరుగెత్తబోయి చుట్టుకుని పడతారు.

కేక వినపడ్డాక కుదిపి లేపకూడదు, మొహాన నీళ్ళు కొట్టకూడదు, ‘ఏమైందే?’ అని నిలదీయకూడదు. లేపితే ప్రాణం పోదు గాని అయోమయం పెరిగి, పట్టుకున్నవాళ్ళనే కొట్టే ప్రమాదం ఉంది. పక్కన కూర్చుని, లోగొంతుతో, ‘ఇంట్లోనే ఉన్నావు, పడుకో’ అన్న మాటే మళ్ళీ మళ్ళీ అనాలి. నడుస్తుంటే భుజం మీద తేలిగ్గా చెయ్యేసి పడక వైపు తిప్పాలి. పొద్దున్నే పదిమందిలో ‘రాత్రి ఎలా అరిచావో తెలుసా’ అని చెప్పడం మానాలి. సిగ్గుతో పడుకోవడానికే భయపడేవాళ్ళని ఆ మాటే తయారు చేస్తుంది.

నిద్రభయాన్ని అన్నిటికన్నా ఎక్కువగా పెంచేది నిద్ర బాకీ. విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతర ముందురోజు తొలేళ్ళకి రాత్రంతా మేలుకున్న మనిషి, మర్నాడు సిరిమాను ఉత్సవం చూసొచ్చి పడుకున్నాక మెదడు గాఢనిద్ర బాకీని వడ్డీతో వసూలు చేసుకుంటుంది. అంత లోతైన నిద్రలోంచి సగమే లేవడం తేలిక. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో వారానికో షిఫ్టు మారేవాళ్ళదీ ఇదే ఇబ్బంది. ఇక్కడొక పొరపాటు తరచూ జరుగుతుంది. నిద్రలేమికి చెప్పే ‘మంచం మీద గడిపే గంటలు తగ్గించండి’ అన్న చికిత్స మంచిదే, కానీ నిద్రభయాలున్న మనిషికి అది యథాతథంగా చెబితే కేకలు పెరుగుతాయి. వీళ్ళకి లేచే వేళ రోజూ ఒకటే ఉంచి, రాత్రి కాస్త ముందే పడుకోవడం నయం. మధ్యాహ్నం రెండు దాటాక టీ వద్దు. తాగిన టీలోని కెఫీన్‌లో సగం మిగలడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. పడుకునే ముందు చుట్ట కూడా అంతే. తీరప్రాంతపు పెద్దావిడలు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగలోనూ ఉన్నది నికోటినే, అది మెలకువ తెచ్చే మందు. సారా మొదట నిద్ర పట్టించి, తొలి సగంలో కలల నిద్రను అణచి, మత్తు దిగాక తెల్లవారుజామున దాన్ని ఒక్కసారిగా వదులుతుంది. తాగి పడుకున్న రాత్రి కలలు భయంకరంగా ఉండటం అందుకే.

కేక రోజూ ఒకే వేళకి వస్తుంటే ముందే లేపడం అనే పద్ధతి ఉంది. రెండు వారాలు కేక పెట్టిన సమయం రాయండి. పదకొండున్నరకి వస్తోందనుకుంటే పదకొండూ పావుకి మెల్లగా పిలిచి, కళ్ళు తెరిచి ఒక మాట మాట్లాడేలా చేసి మళ్ళీ పడుకోనివ్వాలి. రెండు నుంచి నాలుగు వారాలు రోజూ చేయాలి. వేళ మారిపోతూ ఉంటే ఇది పనిచేయదు, లేపడం వల్ల నిద్ర బాకీ పెరిగినా ఆపేయాలి.

మందుల దగ్గర చాలా జాగ్రత్త కావాలి. ఒళ్ళునొప్పులకి ఊళ్ళో వేయించుకునే డైక్లోఫెనాక్ సూది ఫైబ్రోమయాల్జియా నొప్పిని పెద్దగా తగ్గించదు, కిడ్నీలకి మాత్రం చెరుపు చేస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, ఉద్దానమంతా కిడ్నీ జబ్బుతో అల్లాడుతున్న చోట, ఆ సూదికి ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించకపోవడం క్షమించరానిది. స్టెరాయిడ్ సూదులు కూడా ఈ నొప్పికి పనికిరావు, పైగా నిద్ర పాడుచేస్తాయి. ఈ జబ్బుకి వాడే ప్రీగాబలిన్ కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది, వాటి పని తగ్గితే మోతాదు తగ్గించాలి. డ్యులోక్సెటిన్‌ని ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 30 కన్నా తగ్గినవాళ్ళకి ఇవ్వరు. రాత్రి 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టే అమిట్రిప్టిలిన్ నిద్రకీ నొప్పికీ సాయపడుతుంది. కానీ అదీ, డ్యులోక్సెటిన్ కూడా కలల నిద్రను అణచి ఉంచుతాయి. చీటీ అయిపోయిందనో, డబ్బులు లేవనో ఒక్కసారి ఆపితే అణగి ఉన్న కలలు వరదలా వస్తాయి. డాక్టరు చెప్పినట్టు వారాల తరబడి తగ్గించుకుంటూ మానాలి. మైగ్రేన్‌కి ఇచ్చే ప్రొప్రనలాల్, ఆయాసానికి ఇచ్చే మాంటెలుకాస్ట్ కొందరిలో పీడకలలు తెస్తాయి. నిద్రకని వేసుకునే జోల్పిడెమ్ నిద్రలో నడిపించగలదని 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ తన అతి తీవ్రమైన హెచ్చరిక జోడించింది.

పడుకుంటే కాళ్ళు లాగేసి, కదిపితేనే హాయిగా ఉంటే రక్తంలో ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే పరీక్ష) చూపించుకోవాలి. కిడ్నీ జబ్బు లేనివాళ్ళలో అది 75కి మించకపోతే ఐరన్ ఇస్తే ఆ లాగుడు తగ్గే అవకాశం ఉంది. మందులన్నిటికన్నా ముందు నడక. 2017లో యూరప్ రుమటాలజీ నిపుణుల సమాఖ్య ప్రచురించిన మార్గదర్శకాల్లో గట్టిగా సిఫారసు చేసింది ఒక్క వ్యాయామాన్నే. రోజుకి ఐదు నిమిషాలతో మొదలుపెట్టి వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచాలి. ఒంట్లో బాగుందని ఒక్క రోజే గంట నడిస్తే తర్వాతి రెండు మూడు రోజులు మంచం దిగలేరు.

పీడకలకి ఉన్న మేలైన వైద్యం కాగితమూ పెన్సిలూ. కలను మార్చి నెమరేసుకునే ఈ పద్ధతిని 2018లో అమెరికా నిద్రవైద్యుల అకాడమీ సిఫారసు చేసింది. పట్టపగలు చేయాలి. రాత్రి పడుకునే ముందు చేస్తే ఆ భయమే తలగడ మీదికొస్తుంది. ముందు మరీ ఘోరమైనది కాకుండా ఓ మోస్తరు కలను తీసుకోండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ కూల్చేసింది. ఆ రాత్రి చూసినవారికి, రేకులు ఎగిరిపోతున్నట్టూ చెట్టు ఇంటి మీద పడుతున్నట్టూ కలలు రావడంలో వింతేమీ లేదు. ఆ కలను నాలుగైదు వాక్యాల్లో రాయాలి. తర్వాత ఎక్కడ నచ్చితే అక్కడ మార్చాలి. రేకుల మీద ఊరంతా చేతులేసి పట్టుకున్నారని రాయొచ్చు, చెట్టు దూదిలా తేలిగ్గా వాలి గుమ్మంలో బొండాలు రాల్చిందనీ రాయొచ్చు. మార్పు ఎవరో చెప్పింది కాక, కల వచ్చిన మనిషికి తోచిందే కావాలి. ఆపైన రోజూ 10 నుంచి 20 నిమిషాలు కళ్ళు మూసుకుని కొత్త కలనే చూడాలి. పాతది మళ్ళీ మళ్ళీ తవ్వుకోవడమే అందరూ చేసే తప్పు. రాయడం రానివాళ్ళు ఫోన్‌లో తమ గొంతుతోనే రికార్డు చేసుకుని వినొచ్చు. రెండు మూడు వారాలు చేయందే ఫలితం తేల్చకూడదు. తలుచుకుంటేనే చెమటలు పట్టేంత ఘోరం జరిగినవాళ్ళు మాత్రం సొంతంగా మొదలుపెట్టకుండా మానసిక వైద్యుల తోడు తీసుకోవాలి. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రాత్రే చేయాలి.

కొన్ని గుర్తులు కనిపిస్తే ఇవన్నీ పక్కనపెట్టి ముందు డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. యాభై దాటాక కొత్తగా, కలలో కొట్లాడుతూ నిజంగానే పక్కవాళ్ళని కొడుతుంటే అది వేరే జబ్బు, కొందరిలో పార్కిన్సన్స్‌కి ముందు గుర్తు. ఒకే రకం కదలిక ఒకే రాత్రి పదే పదే రావడం, నాలుక కరుచుకోవడం, పక్క తడవడం ఫిట్స్ కావచ్చు. గురక మధ్యలో ఊపిరి ఆగి ఉక్కిరిబిక్కిరైతే నిద్రలో శ్వాస ఆగే జబ్బు చూడాలి, దానికి వైద్యం చేస్తే కేకలు కూడా తగ్గడం ఉంది. కీళ్ళు వాచి, పొద్దున్న గంటకు మించి బిగుసుకుపోతే అది ఫైబ్రోమయాల్జియా ఒక్కటే కాదు.

శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రుల ఓపీలో ఒక్కో రోగికి దొరికే సమయం తక్కువ. అందుకే వెళ్ళేటప్పుడు వాడుతున్న ప్రతి మందు అట్టా, రెండు వారాల లెక్క రాసిన కాగితమూ పట్టుకెళ్ళండి: పడుకున్న వేళ, కేక వేళ, కళ్ళు తెరిచి ఉన్నాయా, పొద్దున్న గుర్తుందా, లేచేసరికి నొప్పి పదిలో ఎంత. కేక సమయంలో ఇంట్లోవాళ్ళు ఫోన్‌లో అర నిమిషం వీడియో తీసి చూపిస్తే, పది మాటలు అక్కర్లేదు.