ఎక్స్ తగ్గినా, పెరిగినా: హార్మోన్ల డాక్టరు దగ్గర రోజూ వినిపించే అపోహలు

బరంపురంలో నా దగ్గరకు వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. పర్లాకిమిడి, గుణుపురం నుంచి బస్సెక్కి వస్తారు. ఊళ్లోని పట్టుచీరల నేతగాళ్ల ఇళ్ల నుంచీ వస్తారు. పాత చీటీలన్నీ ఒడియాలో ఉంటాయి, బాధ మాత్రం తెలుగులో చెప్పుకుంటారు. చేతిలో క్రోమోజోముల పరీక్ష కాగితం ఉంటే మొదటి ప్రశ్న జబ్బు గురించి ఉండదు. గొంతు తగ్గించి, "ఇంతకీ మా పిల్ల ఆడపిల్లేనా?" అంటారు. జన్యువుల్ని మోసే క్రోమోజోములు మామూలుగా 46 ఉంటాయి. వాటిలో ఆడ, మగ తేల్చేవి రెండు: ఆడవాళ్లకు రెండు ఎక్స్‌లు, మగవాళ్లకు ఒక ఎక్స్, ఒక వై. ఈ రెండింటి లెక్క తప్పితేనే ఈ ప్రశ్నలు. కాగితం మీద '45, ఎక్స్' అంటే మొత్తం 45, ఎక్స్ ఒక్కటే అని.

అపోహ: 45, ఎక్స్ అని వస్తే ఆడపిల్ల కాదు.

పదహారేళ్లు నిండినా రజస్వల కాలేదని ఒక అమ్మాయిని నాన్నమ్మ తీసుకొచ్చింది. వెనకాల తండ్రి. "మా ఇంట్లో బట్టలు కిందినుంచి పైకి పోతున్నాయి డాక్టరు గారూ. చెల్లెలికి పొట్టివైన గౌన్లు అక్క తొడుక్కుంటోంది" అంది పెద్దావిడ. అంతకంటే మంచి రోగ వివరణ నేను రాయలేను. ఇది టర్నర్ సిండ్రోమ్. రెండు ఎక్స్‌లలో ఒకటి పూర్తిగానో కొంతభాగమో లేకపోవడం. సుమారు 2000 నుంచి 2500 మంది ఆడశిశువుల్లో ఒకరికి ఉంటుంది. ఎముకల ఎదుగుదలకు అవసరమైన షాక్స్ అనే జన్యువు ఒక్క ప్రతే మిగలడం వల్ల ఎత్తు తగ్గుతుంది. గర్భసంచి ఉంటుంది, అండాశయాలు మాత్రం చాలా ముందే ఎండిపోతాయి. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను ఇస్తే ఛాతీ ఎదుగుతుంది, నెలసరి వస్తుంది. పదకొండు, పన్నెండేళ్లకే మొదలుపెట్టవలసిన మందు ఇది. ఎదుగుదల హార్మోను ఇంకా ముందే మొదలుపెట్టాలి.

చదువు రాదనుకోవడమూ తప్పే. మాట, చదవడం బాగానే ఉంటాయి. లెక్కలు, పటాలు, దిక్కులు గుర్తుపట్టడం దగ్గర కొందరు తడబడతారు. టీచరుకు ముందే చెబితే సరిపోతుంది.

అందరూ మరిచిపోయేది గుండె. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం బృహద్ధమని ఒకచోట ఇరుకు కావడం, దాని కవాటానికి మూడు రెక్కలకు బదులు రెండే ఉండటం వీళ్లలో ఎక్కువ. పిల్ల హుషారుగా ఆడుతున్నా ఎకో, అంటే గుండె స్కాన్, తీయించాల్సిందే. ఈ అమ్మాయి మూడేళ్లు డాక్టర్ల చుట్టూ తిరిగింది, ఎకో ఒక్కసారీ తీయలేదు. బలం మాత్రలు మాత్రం సంచీ నిండా ఉన్నాయి.

అపోహ: ఎక్స్ఎక్స్‌వై ఉన్నవాడు సగం ఆడ.

వై ఉంది కాబట్టి వృషణాలు ఏర్పడ్డాయి, మగపిల్లవాడిగానే పుట్టాడు. దీన్ని క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ అంటారు. అమెరికా డాక్టరు హ్యారీ క్లైన్‌ఫెల్టర్ 1942లో లక్షణాలు వర్ణించాడు, అదనపు ఎక్స్ బయటపడింది 1959లో. కాళ్లు పొడుగు, వృషణాలు చిన్నవి, గడ్డం పలచన, కొందరికి ఛాతీ ఉబ్బు. మాటలు ఆలస్యం కావచ్చు, చదవడం కష్టం కావచ్చు, నలుగురిలో బెరుకు ఉండవచ్చు. ఎవరిని ఇష్టపడతాడన్నది కాగితం చూసి చెప్పలేం. చాలామందికి ఇది పెళ్లయి పిల్లలు పుట్టకపోతేనే తెలుస్తుంది. అప్పటిదాకా పరీక్షలన్నీ భార్యకే జరుగుతాయి, ఇది చూసి నాకు విసుగొచ్చేసింది. వృషణం నుంచి సూక్ష్మ శస్త్రచికిత్సతో వెతికితే 40–50 శాతం మందిలో వీర్యకణాలు దొరుకుతాయి. మగ హార్మోను టెస్టోస్టిరాన్ సూదులు ఆ ఉత్పత్తిని అణచేస్తాయి. అందుకని పిల్లల సంగతి తేల్చుకున్నాకే సూది మొదలుపెట్టమంటాను.

అపోహ: వై రెండున్నవాడు నేరస్థుడవుతాడు.

1965లో స్కాట్లాండులో కట్టుదిట్టమైన ఒక మానసిక ఆసుపత్రిలో ఇలాంటివాళ్లు కొందరు కనిపించడంతో ఈ కథ పుట్టింది. 1966లో షికాగోలో ఎనిమిది మంది నర్సింగ్ యువతుల్ని చంపినవాడికి రెండు వైలని పత్రికలు రాశాయి. పరీక్షలో అతనివి మామూలు 46, ఎక్స్‌వై అని తేలింది. 1976లో డెన్మార్క్ అధ్యయనం పొడుగు మగవాళ్లు నాలుగు వేల మందికి పైగా పరీక్షించింది. రెండు వైలతో దొరికిన 12 మందిలో హింస వైపు మొగ్గేమీ కనిపించలేదు. పొడుగ్గా ఉంటారు, కొందరికి నిలకడ తక్కువ. అంతే.

మూడు ఎక్స్‌లున్న ఆడవాళ్లు సుమారు వెయ్యికి ఒకరు. ఎక్కువమందికి ఆ సంగతి జీవితాంతం తెలియదు.

అపోహ: ఇవి మేనరికం వల్ల, లేకపోతే గ్రహణం నాడు తల్లి బయటికి రావడం వల్ల వస్తాయి.

గ్రహణాన్ని వదిలేద్దాం. మేనరికం కొన్ని జన్యు జబ్బులు పెంచుతుంది, నిజమే, ఇవి మాత్రం ఆ కోవకు రావు. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు, ఒక్కోసారి పిండం తొలి విభజనల్లో, క్రోమోజోములు సరిగ్గా పంచుకోకపోవడమే కారణం. అదనపు వై తండ్రి నుంచే వస్తుంది. ఎక్స్ఎక్స్‌వైలో అదనపు ఎక్స్ దాదాపు సగం సందర్భాల్లో తండ్రి వైపు నుంచే. టర్నర్‌లో లేకుండా పోయిన ఎక్స్ ఎక్కువసార్లు తండ్రి నుంచి రావలసినదే.

ఆ నాన్నమ్మ అప్పటిదాకా కోడలి పుట్టింటివాళ్ల గురించే అడుగుతోంది. ఈ మాట చెప్పాక కొడుకు వైపు ఒకసారి చూసింది. అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. కాసేపటికి ఆవిడే అడిగింది: "ఆ గుండె పరీక్ష ఎంతసేపు పడుతుందమ్మా? నాలుగింటి బస్సు అందుతుందా?"