ఇసుకలో కాకిబంగారం

చిరంజీవులు చిన్నికి, బాబుకి తాతయ్య ఆశీస్సులు.

ఇంటి ముందు పోయించిన ఇసుకలో తళుక్కుమంటోంది బంగారమేనా అని చిన్ని ఫోన్లో అడిగింది గదా. కాదు తల్లీ, దాన్ని మేం కాకిబంగారం అనేవాళ్లం. అసలు పేరు అభ్రకం, బజార్లో మైకా అంటారు.

దాని గొప్పంతా పొరల్లోనే ఉంది. పలక అంచున కత్తిమొన దూర్చామంటే పొర లేచొస్తుంది. ఆ పొరనీ చీల్చొచ్చు, ఉల్లిపొర కంటే పల్చగా! సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ పరమాణువులు గట్టిగా అల్లుకుని రేకులవుతాయి. రేకుల మధ్య పొటాషియం ఉంటుంది. దాని పట్టు తక్కువ గనక అక్కడే ఊడుతుంది.

భూమి లోపల రాతిద్రవం చల్లారి గ్రానైటు అయ్యాక, నీరు ఎక్కువున్న ద్రవం కాస్త మిగులుతుంది. అది పగుళ్లలో చేరి గడ్డకడితే పెద్ద పెద్ద అభ్రకం పలకలు, పక్కనే పలుగురాయి. మన గూడూరు, సైదాపురం గనుల్లో దొరికేది లేత ఆకుపచ్చ, జార్ఖండ్ కోడెర్మాది ఎర్రటి ఛాయ. మీ ఇసుకలోని రవ్వలు మాత్రం మామూలు రాళ్లు అరిగి రాలినవే.

గాజు ఖరీదైన రోజుల్లో రష్యాలో కిటికీలకు దీన్నే బిగించేవారు. ఈ రకం అభ్రకానికి మస్కోవైట్ అనే పేరు అలా, మాస్కో పేరు మీదుగా వచ్చిందే.

నేను ఇస్త్రీపెట్టెలు బాగుచేసిన రోజుల్లో రోజూ ఇదే చేతిలో ఉండేది. అభ్రకం రేకుకి, కరెంటు పారితే వేడెక్కే నిక్రోమ్ తీగ చుట్టి, పైనొకటి కిందొకటి రేకులు పెట్టేవాళ్లం. తీగ ఎర్రగా కాలినా రేకు మాడదు, కరెంటును ఇనుముదాకా పోనివ్వదు. కొత్తలో ఒకసారి చిట్లిన రేకునే మళ్లీ పెట్టి బిగించాను. పెట్టె ముట్టుకోగానే చెయ్యి జివ్వుమంది! ఆ తర్వాత ప్రతి రేకునూ వెలుగుకి పట్టి చూశాకే వాడాను.

మీ మైక్రోవేవ్ ఓవెన్ లోపల పక్కగోడకి అట్టముక్కలాంటిది ఉంటుంది, చూడండి. చాలావాటిలో అది అభ్రకమే. అట్ట అనుకుని పీకెయ్యకండి.

గోళ్లరంగులో, కార్ల రంగులో మెరుపుకీ దీని పొడే కలుపుతారు. ఆ పొడి కోసం జార్ఖండ్‌లో మీ ఈడు పిల్లలు బడి మాని గనుల దగ్గర తుక్కు ఏరుతున్నారని చదివినప్పుడల్లా నాకు మనసు ఆగదు.

సెలవులకి రండి. పాత ఇస్త్రీపెట్టె ఒకటి దాచి ఉంచాను, మీచేతే విప్పిస్తా.

మీ తాతయ్య