గబ్బిలం వల కన్ను ఎంత?

విశాఖపట్నం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

బొర్రా గుహలు చూసొచ్చి మీరు రాసిన ఉత్తరం అందింది. "మన గబ్బిలాలూ వేరే దేశం గబ్బిలాలూ ఒకేలా కూస్తాయా తాతగారూ?" అని అడిగారు. కూయవర్రా. ఒకే జాతిలో కూడా ఊరు మారితే కూత మారవచ్చు.

మర్రిచెట్లకు వేలాడే పెద్ద పళ్ల గబ్బిలాల మాట పక్కన పెట్టండి. వాటికి కళ్లూ ముక్కూ చాలు. పురుగులు తినే చిన్న గబ్బిలాలే కూత వేసి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో దారినీ తిండినీ వెతుక్కుంటాయి. మన చెవికి 20 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 20,000 కంపనాలు, దాటితే వినపడదు. వాటి కూతలు చాలావరకు ఆ పైనే.

జాలారిపేటలో వలలు చూశారు కదా? వల కన్ను, అంటే దారాల మధ్య ఖాళీ, చిన్నదైతే చిన్న చేపా చిక్కుతుంది గానీ వల లాగడం బరువు. కన్ను పెద్దదైతే లాగడం తేలిక, చిన్న చేప జారిపోతుంది. కూతకూ కన్ను ఉంది, అదే దాని అల పొడవు. 34 కిలోహెర్ట్జ్ కూతలో ఒక అల పొడవు సుమారు సెంటీమీటరు, 85 అయితే 4 మిల్లీమీటర్లు. కన్నుకన్నా మరీ చిన్న పురుగు నుంచి ప్రతిధ్వని సరిగా రాదు. అలాగని కన్ను తగ్గిస్తూ పోతే గాలి ఊరుకోదు. 80 కిలోహెర్ట్జ్ కూతను మీటరు మీటరుకూ 40 దానికన్నా దాదాపు రెట్టింపు మింగేస్తుంది. గాలిలో తేమ, వేడి మారితే ఆ మింగుడూ మారుతుంది. అందుకే తేమ ఎక్కువున్న చోట కూత కిందికి దిగుతుందని ఒక వాదన. కొన్నిచోట్ల అది నిలిచింది, అన్నిచోట్లా నిలవలేదు.

ముక్కు చుట్టూ లాడం ఆకారంలో తోలు మడత ఉండే గబ్బిలాలున్నాయి. వాటిలో పెద్ద రకం ఒకటి బ్రిటన్‌లో దాదాపు 83 కిలోహెర్ట్జ్ దగ్గర కూస్తుంది, జపాన్‌లో 70కి లోపే. కన్ను లెక్క వేస్తే తేడా ఒక్క మిల్లీమీటరు. అంతమాత్రానికి ఏ రెక్కల పురుగు తప్పించుకుంటుంది? కాబట్టి తిండి ఒక్కటే కారణం కాదు.

జాలరి ఇంటి పిల్లలు వల కన్ను కొలత ఇంట్లో పెద్దలను చూసే నేర్చుకుంటారు. ఇక్కడా అంతే. తల్లి కూతకూ పిల్ల కూతకూ సంబంధం ఉందని బ్రిటన్ గబ్బిలాల మీద 1993లో అచ్చయిన పరిశోధన చూపింది. జపాన్‌లోని ఒకినావా దీవిలో ఒక చిన్న లాడం ముక్కు గబ్బిలం ఉత్తరాన ఒకలా, దక్షిణాన ఒకలా కూస్తుంది. ఉన్నది ఒకే దీవి! గుంపుల మధ్య రాకపోకలు తగ్గితే తల్లుల నుంచి వచ్చిన చిన్న తేడా తరాల మీద స్థిరపడిపోతుంది. ఒంటి పరిమాణం సంగతీ ఉంది. ఇండోనేషియాలోని సులవేసిలో ఒకే జాతిగా లెక్కించిన గబ్బిలాల్లో మూడు పరిమాణాలు కనిపించాయి. వాటి కూతలు సుమారు 27, 40, 54. ఒళ్లు పెద్దదైన కొద్దీ కూత తగ్గింది.

ఈ తేడాలు కొలవడంలోనే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. ఫోన్ సాధారణంగా సెకనుకు 48,000 సార్లే శబ్దాన్ని నమోదు చేస్తుంది కనుక 24 కిలోహెర్ట్జ్ పైన దానికేమీ అందదు. సెకనుకు 3,84,000 సార్లు నమోదు చేసే రికార్డర్ ఉంటే మేలు. రికార్డు చేసినదాన్ని పది రెట్లు నెమ్మదిగా వినిపిస్తే 45 కిలోహెర్ట్జ్ కూత 4.5కి దిగి మన చెవిన పడుతుంది. అయితే ఒకే గబ్బిలం మైదానంలో పొడుగ్గా, కింది స్థాయిలో కూస్తుంది, గోడ పక్కన పొట్టిగా, పై స్థాయిలో కూస్తుంది. దూరంగా ఎగిరేదాని కూతలో పై భాగం గాలిలోనే పోతుంది. లాడం ముక్కు గబ్బిలమైతే ఎగిరేటప్పుడు, వెనక్కొచ్చే ప్రతిధ్వని తన చెవికి సరిపోయేలా కూతను కాస్త దించుకుంటుంది. అందుకని దాన్ని వేలాడుతున్నప్పుడు కొలవాలి. ఇవేవీ చూసుకోకుండా బీచ్ రోడ్డు కూతనూ అరకు తోట కూతనూ పోల్చి "ప్రాంతం తేడా" అనేస్తే అది అన్యాయం.

పొద్దుగూకాక మీ వీధి దీపం దగ్గర నిలబడండి. దీపం చుట్టూ తిరిగే గబ్బిలం ఒక్కసారిగా మలుపు తీసుకుందంటే పురుగును పట్టబోతోందన్నమాట. సెకనుకు పదిసార్లు కూసేది అప్పుడు వంద దాటేస్తుంది. మనకేమీ వినపడదు, ఎంత ఆశ్చర్యమో చూడండి! గుహలో మాత్రం వాటి మీద టార్చి వేయకండి. కింద పడిన గబ్బిలాన్ని చేత్తో ముట్టకండి, కరిస్తే రేబిస్ రావచ్చు, పెద్దవాళ్లను పిలవండి. చూసిన తేదీ, వేళ, చోటు, పక్కన గోడ ఉందా ఖాళీ స్థలమా, వాన పడిందా, ఇవన్నీ రాసి పంపండి.

మీ తాతయ్య