పాత ఇంగ్లిష్ పాటల రేడియో: పాటలు పేర్చేవాడు చెప్పే అపోహలు, వాస్తవాలు

మాది తెనాలి. అమెరికాలో ఒక మధ్యతరహా ఊళ్లో, పాత ఇంగ్లిష్ పాటలు వేసే ఎఫ్ఎం స్టేషన్‌లో పన్నెండేళ్లుగా పాటల వరుస పేర్చడం నా పని. మైకు ముందు కూర్చునేవాళ్లు వేరు. ఏ పాట వెనక ఏ పాట రావాలో ముందురోజే తేల్చిపెట్టేది నేను. తెలుగువాళ్ల భోజనాల్లో ఈ మాట చెప్పగానే ఎవరో ఒకరు "అయితే నీకు నచ్చిన పాటలు వేసుకుంటూ జీతం తీసుకుంటావన్నమాట, అదృష్టవంతుడివి అన్నా" అంటారు. కాదని చెప్పబోయేలోపు పెరుగన్నం గిన్నె దగ్గరికి వెళ్లిపోతారు. మిగతా సమాధానం ఇదిగో.

అపోహ: ఆర్జే తనకు నచ్చిన పాట వేస్తాడు

ఒకప్పుడు వేసేవాడు. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కేఎంపీఎక్స్ అనే ఎఫ్ఎం స్టేషన్‌లో టామ్ డోనహ్యూ, అతని జట్టు ఎల్పీల (పెద్ద గ్రామఫోన్ రికార్డుల) గుట్ట పక్కన పెట్టుకుని, మనసుకు తోచింది తోచినట్టు వేసేవాళ్లు. ఇప్పటి ఆర్జే స్టూడియోలోకి వచ్చేసరికి ఆ పూట పాటలన్నీ తెర మీద వరుసగా ఉంటాయి. దాన్ని లాగ్ అంటాం. లాగ్‌ను సాఫ్ట్‌వేర్ వేస్తుంది, దానికి నియమాలు మేం పెడతాం: ఒకే గాయకుడి పాటలు రెండు దగ్గర దగ్గరగా రాకూడదు, నిన్న పొద్దున ఎనిమిదింటికి వచ్చిన పాట ఇవాళ పొద్దున ఎనిమిదింటికి రాకూడదు, రెండు నెమ్మది పాటలు వెంటవెంటనే పడకూడదు.

సాఫ్ట్‌వేర్‌కు తెలియనివి చుట్టరికాలు. బీటిల్స్ పాట కాగానే వింగ్స్ పాట వస్తే వినేవాడికి రెండుసార్లూ పాల్ మెకార్ట్నీ గొంతే. జెనెసిస్ వెనకే ఫిల్ కాలిన్స్, ఫ్లీట్‌వుడ్ మాక్ వెనకే స్టీవీ నిక్స్ వచ్చినా అదే గొడవ. పెళ్లిసంబంధాలకు గోత్రాలు చూసినట్టు ఇవన్నీ చూసి రాసిపెట్టాలి. అయినా రోజూ కొన్ని ఖాళీలు మిగులుతాయి. వాటిని చేత్తో నింపుతాను. నా ఇష్టం అంటూ ఏమన్నా ఉంటే ఆ నాలుగైదు ఖాళీల్లోనే.

లాగ్ మొత్తం చింపి పారేసే రోజులూ వస్తాయి. 2017 అక్టోబర్ 2న రాక్ గాయకుడు టామ్ పెటీ పోయాడని మధ్యాహ్నం వార్త వచ్చింది. పాటలన్నీ మార్చేశాను. కాసేపటికి పోలేదు, ఆ వార్త తప్పు అన్నారు. మళ్లీ పాత లాగ్ ఎక్కించాను. ఆ రాత్రే నిజంగా పోయాడు. ఆ రోజు ఒకే పని మూడుసార్లు చేశాను, మూడోసారి చేతులు ఆడలేదు.

అపోహ: పాతపాటలు వేలల్లో ఉన్నా ఇవే వేస్తారంటే బద్ధకం

ఈ మాటే ఎక్కువగా వింటాను, ఇందులో కొంత నిజముంది కూడా. మా స్టేషన్‌లో తిరుగుతున్న పాటలు నాలుగువందలకు కాస్త అటూ ఇటూ. ఈ రకం స్టేషన్లు చాలావాటిలో లెక్క ఇంచుమించు ఇంతే.

ఆ నాలుగువందలు ఎలా తేలతాయంటే, ఒక హోటల్ హాల్లో వందమంది దాకా కూర్చోబెడతారు. ఒక్కో పాటలో చటుక్కున గుర్తొచ్చే ముక్క ఏడెనిమిది సెకన్లు వినిపిస్తారు. దాన్ని హుక్ అంటాం. నచ్చిందా, తెలియదా, విని విని విసుగొచ్చిందా అని మార్కులు వేయిస్తారు. ఒక పూటలో కొన్ని వందల హుక్‌లు అయిపోతాయి. మొదటిసారి హాల్లో వెనక కుర్చీలో కూర్చుని చూసినప్పుడు నాకు ఏడుపొక్కటే తక్కువ. నేను ప్రాణం పెట్టే పాట ఎనిమిది సెకన్లలో ఓడిపోయింది, అదీ "తెలియదు" అనే గడిలో.

తెలియని పాట వేస్తే ఏమవుతుంది? మావి ఎక్కువగా కార్లో వింటారు. ఆఫీసుకు పావుగంట ప్రయాణమైతే ప్రకటనలు పోను మూడు నాలుగు పాటలు. అందులో ఒకటి తెలియనిదైతే వేలు పక్క స్టేషన్ బొత్తాం మీదికి వెళ్తుంది. పూర్వం శ్రోతలు ఏం విన్నారో డైరీల్లో రాసేవాళ్లు, అభిమానం కొద్దీ పూటంతా మా పేరే రాసేవాళ్లు. 2007 నుంచి పెద్ద నగరాల్లో ఒక్కొక్కటిగా మీటర్లు వచ్చాయి. మా ప్రసారంలో చెవికి వినపడని సంకేతం కలుపుతాం, శ్రోత వెంట ఉండే చిన్న పరికరం దాన్ని పసిగట్టి, ఎంతసేపు విన్నాడో నిమిషాల లెక్కన చెబుతుంది. రకరకాల పాటలు కావాలని నోటితో అన్న మనిషే తెలియని పాట రాగానే వెళ్లిపోవడం అందులో కనిపిస్తుంది. అలా అని నాలుగువందలే సరైన అంకె అని నేననను. ఆరువందలైనా నిలబడుతుందని మా మీటింగుల్లో ఏటా వాదిస్తాను, ఏటా ఓడిపోతాను.

అపోహ: పాతపాటలంటే ఎల్విస్, బీటిల్స్ కాలానివి

న్యూయార్క్‌లో డబ్ల్యూసీబీఎస్ ఎఫ్ఎం 1972 జులైలో పాతపాటల స్టేషన్‌గా మారింది. ఎల్విస్ 1956లో పాడిన పాటలకు అప్పటికి వయసు పదహారేళ్లే! ఇప్పుడు నేను తెగ తిప్పే 1985 నాటి పాటలకు నలభై దాటింది. ప్రకటనలు కొనేవాళ్లు ఎక్కువగా చూసేది 25 నుంచి 54 ఏళ్ల వయసు శ్రోతల్ని. 1964లో బీటిల్స్‌ను చూసి వెర్రెత్తిపోయిన పదిహేనేళ్ల పిల్ల 1949లో పుట్టి ఉంటుంది. ఆవిడ ఇప్పుడు రోజంతా మా స్టేషనే విన్నా ఆ లెక్కలోకి రాదు. అందుకే అరవైల పాటలు ఒక్కొక్కటే జారిపోయాయి, ఎనభైలవి నడుమకొచ్చాయి, తొంభైలవి గుమ్మంలో ఉన్నాయి. ఓల్డీస్ అనే పేరును కూడా చాలా స్టేషన్లు వదిలేసి క్లాసిక్ హిట్స్ అని పెట్టుకున్నాయి. క్లాసిక్ రాక్ మళ్లీ వేరు: అక్కడ గిటారు బృందాలదే రాజ్యం, మడోన్నాకు చోటు లేదు.

అన్నట్టు ఆ డబ్ల్యూసీబీఎస్ 2005 జూన్‌లో ఉన్నట్టుండి పాతపాటలు మానేసింది. శ్రోతలు మండిపడ్డారు. 2007 జులైలో మళ్లీ వెనక్కి వచ్చింది. కాకపోతే వెనక్కి వచ్చాక అరవైలకంటే ముందటి పాటలకు చోటు బాగా తగ్గింది.

అపోహ: పాట వేసినప్పుడల్లా పాడినవాళ్లకు డబ్బు వెళ్తుంది

అమెరికాలో మామూలు ఏఎం, ఎఫ్ఎం ప్రసారానికి పాట రాసినవాళ్లకు, దాని పబ్లిషర్‌కు మాత్రమే వెళ్తుంది. ఆస్కాప్, బీఎంఐ లాంటి సంస్థలకు మేం కడితే అవి పంచుతాయి. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు, రికార్డు కంపెనీకి మేం పైసా కట్టక్కర్లేదు. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ పాడి ఊపేసిన 'రెస్పెక్ట్' రాసింది ఓటిస్ రెడింగ్. ఆ పాట మేం ఎన్ని వేలసార్లు వేసినా డబ్బు రెడింగ్ వైపుకే పోయింది. బ్రిటన్‌లో అయితే రేడియోలు పాడినవాళ్లకూ కట్టాలి.

తమాషా ఏమిటంటే, అదే పాట అదే నిమిషంలో మా యాప్‌లో వింటే పాడినవాళ్లకూ వాటా ఉంటుంది, ఎందుకంటే ఇంటర్నెట్, ఉపగ్రహ రేడియోలకు 1995 నుంచి వేరే చట్టం వచ్చింది. అందులోనూ 1972 ఫిబ్రవరి 15కు ముందు రికార్డయిన పాటల సంగతి తేలక కోర్టుల్లో నలిగింది. 2018లో చట్టం మార్చాక గానీ ఆ వాటా ఖాయం కాలేదు. మా స్టేషన్‌కు ఖర్చు పెరిగినా ఆ మార్పు న్యాయమే అంటాను. యాంటెనాకు కూడా అదే న్యాయం ఎందుకు వర్తించదని అడిగితే మాత్రం మా మేనేజర్ కాఫీ తెచ్చుకోవడానికి వెళ్తాడు.

అపోహ: రికార్డులో ఉన్న పాటే రేడియోలో వస్తుంది

డోర్స్ బృందం 'లైట్ మై ఫైర్' ఎల్పీ మీద ఏడు నిమిషాలు. 1967లో సింగిల్ (పాటను విడిగా అమ్మే చిన్న రికార్డు) కోసం ఆర్గన్, గిటారు వాయింపులు కోసేసి మూడు నిమిషాల లోపుకు కుదించారు. అప్పటి ఏఎం స్టేషన్లకు మూడు నిమిషాలు దాటిందంటే గుండెదడ. రికార్డుల నిర్మాత ఫిల్ స్పెక్టర్ మరీ గడుసు. 1964లో రైచస్ బ్రదర్స్ పాట 3:45 ఉంటే లేబుల్ మీద 3:05 అని వేయించాడు, పొడవు చూసి పక్కన పెట్టేస్తారేమోనని. కొన్ని స్టేషన్లు రికార్డునే కొంచెం వేగంగా తిప్పేవి. పాట హుషారుగా వినిపించేది, గంటకు ఇంకో ప్రకటనకు చోటు దొరికేది.

డాన్ మెక్లీన్ 'అమెరికన్ పై' ఎనిమిదిన్నర నిమిషాలు. సింగిల్ రికార్డుకు అటు సగం, ఇటు సగం పెట్టారు. మేం పూర్తిది వేస్తాం. ఆర్జేలకు అది మహా ఇష్టం, బాత్రూముకు తీరిగ్గా వెళ్లిరావచ్చు.

మాకు అసలు తలనొప్పి నకళ్లు. యాభైలు, అరవైల గాయకులు చాలామంది తమ హిట్లనే తర్వాతెప్పుడో ఇంకో కంపెనీకి మళ్లీ పాడిచ్చారు. చవక సీడీల్లో ఉండేవి ఎక్కువగా అవే. పొరపాటున అలాంటిది సిస్టమ్‌లో ఎక్కితే పది నిమిషాల్లో ఫోన్ వస్తుంది: "ఇది అసలుది కాదు, రెండో చరణంలో శ్వాస తేడాగా ఉంది." వాళ్లు చెప్పింది తప్పయిన రోజు నాకు గుర్తులేదు.

అపోహ: రికార్డు కంపెనీలు డబ్బిచ్చి వేయించుకుంటాయి

నలభై ఏళ్ల నాటి పాటకు ఎవరిస్తారండీ! కొత్త పాటలకు ఒకప్పుడు ఇచ్చేవాళ్లు. అలన్ ఫ్రీడ్ అంత పేరున్న ఆర్జే జీవితం ఆ గొడవల్లోనే పాడైంది. 1960 నుంచి, డబ్బు తీసుకుని ఆ సంగతి శ్రోతలకు చెప్పకుండా పాట వేయడం నేరం.

అపోహ: ఫోన్ చేసి అడిగితే అప్పటికప్పుడు వేస్తారు

మా అమ్మ జనరంజనికి కార్డు ముక్కలు రాసేది. మా ఇంటిల్లిపాది పేర్లూ వరుసగా చదువుతారేమోనని రేడియోకు చెవులొగ్గి కూర్చునేవాళ్లం. అందుకని ఈ అపోహ నాకూ ఉండేది. ఇక్కడ రాత్రిళ్లు మీరు వినే గొంతు చాలాసార్లు మధ్యాహ్నమే రికార్డయి ఉంటుంది, ఫోన్ ఎత్తేవాళ్లే ఉండరు. పగలు మనిషి ఉన్నా, మీ కాల్‌ను రికార్డు చేసుకుని, ఆ పాట లాగ్‌లో ఎలాగూ రాబోతున్నప్పుడు దాని ముందు అతికిస్తారు. శ్రోత అడిగాడు కాబట్టి వేసినట్టే వినిపిస్తుంది.

కాబట్టి చేయాలనుకుంటే మధ్యాహ్నం వేళ చేయండి. అందరికీ తెలిసిన పాట అడగండి, గాయకుడి పేరు కలిపి చెప్పండి, ఏ ఊరి నుంచో చెప్పండి. మన పేర్లు మాత్రం నెమ్మదిగా, రెండుసార్లు చెప్పండి. వెంకట సుబ్రహ్మణ్యం అని ఒకాయన గబగబా చెప్పేసి పెట్టేస్తే, మా ఆర్జే ప్రసారంలో "విక్టర్" అని పిలిచాడు.