ఎలాంటి ఇల్లు కావాలి? హైదరాబాద్ నివాసాలపై అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో ఇళ్లకు, అపార్ట్‌మెంట్లకు నక్షలు గీయడం నా వృత్తి. జనానికి ఏ రకం ఇళ్లు కావాలని బిల్డర్లు, అధికారులు, చివరికి బంధువులు కూడా నన్ను అడుగుతుంటారు. నేను నోరు తెరిచేలోపే జవాబూ వాళ్లే చెప్పేస్తారు. ఆ జవాబుల్లో చాలావాటితో నాకు పేచీ ఉంది.

అపోహ: స్తోమత ఉంటే అందరూ ఇండిపెండెంట్ ఇల్లే కోరుకుంటారు.

నేరుగా అడిగితే చాలామంది అదే అంటారు. అందుకే నేను అలా అడగను. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా ఇంట్లో ఎవరు ఎక్కడ ఉంటారో, ఏం చేస్తారో చెప్పమంటాను. ఒకసారి ఉన్న స్థలంలో ఇల్లు కట్టాలా, దాన్ని అమ్మి ఫ్లాటు కొనాలా అని తేల్చుకోలేక ఒక కుటుంబం వచ్చింది. కొడుకు ఇల్లే కట్టాలని పట్టుబట్టాడు. తల్లి చాలాసేపు విని, "నాకు మిరపకాయలు ఆరబోసుకోవడానికి ఎండ, సాయంత్రం కూర్చోవడానికి ఒక అరుగు, పలకరించే నలుగురు మనుషులు ఉంటే చాలు నాయనా. మీరిద్దరూ ఆఫీసుకు పోయాక అంత ఇంట్లో ఒక్కదాన్నే ఏం చేయను?" అన్నారు. చివరికి ఐదంతస్తుల చిన్న అపార్ట్‌మెంట్‌లో మొదటి అంతస్తు తీసుకున్నారు. లిఫ్టు డాబా దాకా వెళ్తుందో లేదో ఆవిడే ఎక్కి చూసుకున్నారు.

ఇండిపెండెంట్ అనే ఒక్క మాటలో ఎండ, గాలి, అరుగు, పక్కింటి చప్పుడు వినబడకపోవడం, నేల మీద హక్కు, ఇన్ని కోరికలు కలిసిపోయి ఉంటాయి. నేల సంగతి పక్కన పెడితే మిగతావన్నీ శ్రద్ధగా గీసిన అపార్ట్‌మెంట్‌లోనూ దొరుకుతాయి. నేల దగ్గర మాత్రం లెక్క చూసుకోవాలి. ఎకరం అంటే 4,840 గజాలు. అందులో 200 ఫ్లాట్లు కడితే ఒక్కొక్కరికి వచ్చే అవిభక్త వాటా, అంటే నేలలో విడదీయని ఉమ్మడి హక్కు, సగటున 24 గజాలే.

అపోహ: టవర్లు పెరుగుతున్నాయంటే జనం వాటినే ఇష్టపడుతున్నట్టు.

2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో 86తో ఇక్కడ ఎఫ్ఎస్ఐ పరిమితిని, అంటే స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న హద్దును, ఎత్తేసింది. అప్పటి నుంచి ఎత్తును ప్రధానంగా రోడ్డు వెడల్పు, భవనం చుట్టూ వదిలే ఖాళీ స్థలమే నిర్ణయిస్తున్నాయి. స్థలం ధర పెరిగినకొద్దీ బిల్డరు పైకి పోతాడు. కొనేవారు ఉన్నవాటిలోంచి ఏరుకుంటారు. దాన్నే వాళ్ల ఇష్టమని రాసుకోవడం అన్యాయం.

అపోహ: పడమటి ముఖం ఇల్లు మంచిది కాదు.

వాస్తు పట్టింపును నేను తీసిపారేయను. ఆ ఇంట్లో ఉండాల్సింది వాళ్లు. కానీ ఈ ఊళ్లో వానాకాలపు గాలి వచ్చేది పడమటి నుంచే. వేసవి ఎండకు తగిన నీడ ఏర్పాటు చేస్తే పడమటి బాల్కనీ అంత హాయైన చోటు మరొకటి ఉండదు.

అపోహ: 1,500 చదరపు అడుగుల ఫ్లాటంటే లోపల 1,500 అడుగుల చోటు.

అది సాధారణంగా సూపర్ బిల్టప్ లెక్క. మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా అందులోనే ఉంటుంది. 2016 నాటి రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ) చట్టం ప్రకారం చెప్పాల్సింది కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాటు లోపల వాడుకోగలిగే చోటు. అందులో బాల్కనీ కలవదు. ఆ అంకె అడిగి రాయించుకోండి.

అపోహ: ఉచితంగా ఇస్తే పేదలు ఎక్కడైనా ఉంటారు.

ఈ మాట వింటే నాకు కోపం ఆగదు. రాష్ట్ర ప్రభుత్వం పేదలకు ఉచితంగా ఇళ్లు కట్టిచ్చిన డబుల్ బెడ్‌రూమ్ పథకంలో ఇంటి విస్తీర్ణం 560 చదరపు అడుగులు. 2015లో సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో అంతకుముందు వాళ్ల బస్తీ ఉన్నచోటే 396 ఇళ్లు కట్టి ఇచ్చారు. 2023లో ప్రారంభమైన కొల్లూరు కాలనీలో 15,660 ఇళ్లున్నాయి. అవి ఊరికి దూరంగా, ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర, ఎత్తైన బ్లాకుల్లో ఉన్నాయి. గదులు ఇంచుమించు అవే అయినా బతుకు అదే కాదు. సికింద్రాబాద్‌లో నాలుగిళ్లలో అంట్లు తోమే మనిషికి ఆ నాలుగిళ్లు నడిచి వెళ్లే దూరంలో ఉండాలి. కూరగాయల బండి తోసేవారికి నేల మీద చోటు కావాలి, ఆ బండి తొమ్మిదో అంతస్తుకు ఎక్కదు. రాత్రిపూట బండి ఎక్కడ పెట్టుకుంటారని అడిగే గడి నేను చూసిన ఏ దరఖాస్తు ఫారంలోనూ లేదు.