కర్నూలు అంగట్లో కార్డు ఎందుకు నిలవలేదు

కొనేవారు నోట్లిస్తారా, కార్డు తీస్తారా అన్నది రెండు విషయాలను బట్టి ఉంటుంది: డబ్బు వారి చేతికి ఏ రూపంలో వచ్చింది, చెల్లింపు ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది. కర్నూలు, ఆదోని బజార్లలో ఈ రెండూ చాలాకాలం కార్డుకు ఎదురే నిలిచాయి.

ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. అది నెలజీతం వచ్చేవారికి పనికొచ్చే వస్తువు. పత్తి, వేరుశనగ, ఉల్లి అమ్మినప్పుడే డబ్బు చూసే రైతుకు అప్పు పుట్టేది కమీషన్ ఏజెంటు దగ్గర, కిరాణా కొట్టు ఖాతాలో. పంట అమ్మిన రోజున ఆ లెక్క నోట్లతోనే తీరేది.

ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2006లో ఉపాధి కూలీకి, పింఛనుకు వేలిముద్రతో నడిచే స్మార్ట్ కార్డులు మొదలుపెట్టింది. కర్నూలు, అనంతపురం, కడప సహా ఎనిమిది జిల్లాల్లో ఆ పని 2010లో మళ్లీ ఊపందుకుంది. అక్కడ అధ్యయనం చేసిన ఆర్థికవేత్తలు కూలీ త్వరగా అందుతోందని, దారిలో మాయమయ్యే సొమ్ము తగ్గిందని తేల్చారు. పేదలకు అది పెద్ద మేలు. అయితే ఆ కార్డుతో అంగట్లో ఉప్పు పొట్లం కూడా కొనలేకపోయేవారు. వేలిముద్ర వేస్తే చేతికొచ్చేవి నోట్లే. ఇవాళ్టికీ సామాజిక పింఛను ఇంటి గడప దగ్గర నగదుగానే అందుతోంది. వృద్ధులకు 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. ఆ అవ్వను నగదు మానేయమనడం అన్యాయం.

ఇక వ్యాపారి సంగతి. 2012లో రిజర్వు బ్యాంకు డెబిట్ కార్డు అమ్మకాలపై బ్యాంకులు తీసుకునే రుసుముకు పరిమితి పెట్టింది: 2,000 రూపాయల వరకు 0.75 శాతం, ఆపైన 1 శాతం. అది కట్టాల్సింది కొట్టు యజమాని. బియ్యం, నూనెల మీద మిగిలేదే స్వల్పం.

2016 నవంబరు 8న విలువలో 86 శాతం నోట్లు రద్దయ్యాయి. స్వైపింగ్ యంత్రాలకు గిరాకీ పెరిగింది, కొత్త నోట్లు రాగానే జనం నగదుకు మళ్లారు. నిలిచిన మార్పు అదే ఏడాది ఏప్రిల్‌లో మొదలైన యూపీఐతో వచ్చింది. దానికి యంత్రం అక్కర్లేదు, గోడకు అంటించిన స్కాన్ కాగితం చాలు. 2020 జనవరి 1 నుంచి యూపీఐ, రూపే డెబిట్ కార్డులపై వ్యాపారికి రుసుమే లేకుండా పోయింది. అప్పటికే ఫోను చేతిలో ఉన్నవారు కార్డు అలవాటు చేసుకోకుండానే దాన్ని దాటేశారు.

రుసుము లేకపోయినా వ్యవస్థకు ఖర్చు ఉంది. చిన్న వ్యాపారుల యూపీఐ చెల్లింపులకు 2024–25లో కేంద్రం 1,500 కోట్ల ప్రోత్సాహకం ప్రకటించింది. ఆ సాయం ఆగి, భారం మళ్లీ కొట్టు మీద పడితే ఆదోనిలో స్కాన్ కాగితాలు గోడ దిగుతాయని నా గట్టి నమ్మకం.