లా పుస్తకాలు వదలని గోలీ

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మంచు మీద ఆడే ఐస్ హాకీలో గోలీగా, అంటే గోల్ కాసే ఆటగాడిగా, పేరు తెచ్చుకోవాలంటే పదహారేళ్లకే పుస్తకాలు అటకెక్కించాలా అని అడిగారు. ఒకప్పుడు కెనడాలో చాలామంది కుర్రాళ్లు దాదాపు అదే చేసేవారు గనుక మీ అనుమానం ఊరికే పుట్టింది కాదు. అక్కడి పేరున్న గోలీ కెన్ డ్రైడెన్ మాత్రం ఆ దారిన పోలేదు.

1947లో హామిల్టన్‌లో పుట్టిన డ్రైడెన్ టొరంటో శివారులో పెరిగారు. తండ్రి పెరడంతా గచ్చు చేయించి గోల్ వలలు కట్టించగా, ఆరేళ్లు పెద్దవాడైన అన్న డేవ్‌తోనూ ఇరుగుపొరుగు పిల్లలతోనూ టెన్నిస్ బంతితో ఆడుతూ ఆయన గోల్ కాయడం నేర్చుకున్నారు. అసలు ఆటలో బంతి ఉండదు. పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. సుమారు 170 గ్రాముల ఆ బిళ్ల గంటకు 150 కిలోమీటర్లకు మించిన వేగంతో కూడా దూసుకువస్తుంది. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న గోల్ ముందు స్కేట్ల మీద నిలబడి దాన్ని ఆపాలి. పైగా ఎదుట గుమిగూడిన ఆటగాళ్లు, సొంత జట్టువారితో సహా, చూపుకు అడ్డమే.

1964లో బోస్టన్ బ్రూయిన్స్ జట్టు ఆయనను డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, ఎంచుకుని, కొద్ది రోజులకే మాంట్రియల్ కెనేడియన్స్‌కు ఇచ్చేసింది. బదులుగా బోస్టన్ తీసుకున్న కుర్రాళ్లిద్దరూ ఈ జట్లు ఆడే పెద్ద పోటీ అయిన నేషనల్ హాకీ లీగ్‌లో ఒక్క ఆటైనా ఆడలేదు. డ్రైడెన్ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరి చరిత్ర చదివారు. అక్కడ ఆయన గోల్ కాసిన ఆటల్లో జట్టు 76 గెలిచి నాలుగు మాత్రమే ఓడింది, 1967లో జాతీయ కళాశాలల టైటిల్ కూడా సాధించింది. తరువాత మాంట్రియల్‌లోని మెక్‌గిల్‌లో లా చదువుతూనే కెనేడియన్స్ అనుబంధ జట్టుకు ఆడారు.

1971 మార్చిలో పెద్ద జట్టు నుంచి పిలుపు వచ్చింది. ఆ నెల 20న బఫెలో జట్టుతో ఆటలో గాయపడిన గోలీ స్థానంలో డ్రైడెన్ దిగితే, అవతలి గోల్‌లో అన్న డేవ్ నిలబడ్డారు. ఆట ముగిశాక అన్నదమ్ములు మంచు మధ్యకు వచ్చి చేతులు కలిపారు. ఆ సీజన్‌లో ఆయన ఆడినవి ఆరు ఆటలు, ఆరూ గెలుపే. అంత తక్కువ అనుభవం ఉన్నవాడిని సీజన్ చివర కప్పు కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో, అదీ ఆ ఏడాది 399 గోల్స్‌తో రికార్డు సృష్టించిన బోస్టన్ మీదికి దింపడం నా దృష్టిలో మొండి సాహసమే. ముందుగా నాలుగు ఆటలు గెలిచినవారు నెగ్గే ఆ పోరులో, రెండో ఆటలో 5–1తో వెనుకబడిన మాంట్రియల్ 7–5తో గెలిచింది. ఏడు ఆటల్లో బోస్టన్‌ను ఇంటికి పంపింది. ఆపై మిన్నెసోటాను, చివరికి షికాగోను ఓడించి లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ అందుకుంది. ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడిగా కాన్ స్మైత్ ట్రోఫీ డ్రైడెన్‌కే దక్కింది.

ప్లేఆఫ్స్ కాక అంతకుముందు ఆడినవి ఆరు ఆటలే గనుక నియమాల ప్రకారం మరుసటి ఏడాది కూడా ఆయన కొత్త ఆటగాడే, 1972లో కొత్తవారికిచ్చే కాల్డర్ ట్రోఫీ కూడా గెలుచుకున్నారు. లా పట్టా చేతికి వచ్చాక, 1973–74లో జీతం విషయమై క్లబ్బుతో పొసగక, సీజన్ మొత్తం ఆట మానుకుని టొరంటోలో ఒక న్యాయవాద కార్యాలయంలో స్వల్ప జీతానికి శిక్షణలో చేరారు.

ఇట్లు,
మీ తాతయ్య